ఏడుపు వినపడని మిషను

కుళాయి దగ్గర మా పిన్ని గురించి ఒక కథ తిరుగుతోంది. నలుగురు పిల్లల్ని వాళ్ళ తల్లులకు తెలియకుండా ఎత్తుకెళ్ళి, చెవి మిషన్లు అమ్మే షాపులో కూర్చుందట. అసలు ఆవిడకు చెవుడే లేదట, అంతా నటనట. మేనేజరు మాట్లాడితే చక్కగా వినపడేదట, పిల్లలు ఏడిస్తే మాత్రం వినపడేది కాదట. పిల్లలు ఏడుపు ఆపితే ఎవరూ చూడకుండా తొడ మీద గిల్లి మళ్ళీ అందుకునేలా చేసేదట. ఆ గోల పడలేక షాపువాళ్ళు దండం పెట్టి, కొత్త మిషను చేతిలో పెట్టి సాగనంపారట.

ఇన్ని ‘అట’లు చెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ షాపు గడప తొక్కలేదు. నేను తొక్కాను. పాలసీసాల సంచీ పట్టుకుని రెండు రోజులూ పిన్ని వెనకే ఉన్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు కనుక కుళాయి దగ్గర ఏమీ అనలేక బిందె నింపుకుని వచ్చేస్తాను. రాయడానికైతే ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

పిన్ని నాకు సొంత పిన్నే, మా అమ్మకు స్వయానా చెల్లెలు. వీధిలో మాత్రం అందరికీ పిన్నే. పనులకు వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని తెచ్చి ఆవిడ దగ్గర దింపుతారు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. ముందుగదిలో రెండు ఉయ్యాలలు, నేల మీద చాప, గుమ్మానికి అడ్డంగా పిల్లలు దాటకుండా మోకాలెత్తు చెక్క. పిల్లల చేతులందినంత మేర గోడలన్నీ గీతలు. అంతకుపైన గోడ శుభ్రంగా ఉంటుంది. దాన్ని బట్టే పిల్లలు ఎంత ఎదిగారో చెప్పొచ్చంటుంది పిన్ని. తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయినప్పటి నుంచీ నేను కూడా అక్కడే, ఆవిడకు సాయంగా.

చిన్నప్పటి నుంచీ బట్టల మిల్లులో పనిచేసింది పిన్ని. ఆ యంత్రాల మోత మధ్య పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. మిల్లు మూతపడినా ఆ గొంతు తగ్గలేదు. కొత్తవాళ్ళకు మంచినీళ్ళు కావాలా అని అడిగినా, ఈవిడ పోట్లాటకు వచ్చిందేమో అనుకుంటారు. చెవులు కూడా ఆ మిల్లులోనే పోయాయి. ఒక్కసారిగా కాదు, గోడకు వేసిన సున్నం రాలినట్టు కొంచెం కొంచెంగా.

దాంతో పిన్ని కళ్ళతో వినడం నేర్చుకుంది. ఉయ్యాల తాడు ఒక కొసను కాలి బొటనవేలికి కట్టుకునేది. లోపల పిల్లాడు కాళ్ళు తన్నుకుంటే వేలు లాగేది. కూరలు తరిగేటప్పుడు ముక్కకొకసారి తలెత్తి చూసేది. నడిచే పిల్లలకైతే ఏడ్చి లాభం లేదని అర్థమైపోయింది. ఏం కావాలన్నా వచ్చి కొంగు పట్టుకుని లాగేవాళ్ళు. పిన్ని ‘ఊరుకో’ అనేది కాదు. ‘ఏంటమ్మా’ అని కిందికి వంగేది. రోజులు అలా బాగానే గడిచిపోతుండగా ఏజెంటు వచ్చాడు.

వీధి చివర బట్ట పందిరి వేసి, ఉచితంగా చెవులు పరీక్షిస్తామని మైకులో చెప్పారు. చెవులు వినపడనివాళ్ళకు మైకులో చెప్పడమేంటని బాబాయి నవ్వాడు కానీ, పిన్నిని దగ్గరుండి తీసుకెళ్ళింది కూడా ఆయనే. ఏజెంటు మెడలో కార్డు వేసుకున్నాడు. మాట తేనె. పిన్ని చెవిలో చిక్కుడుగింజంత మిషను పెట్టాడు.

“ఇప్పుడు చూడండమ్మా. చీమ నడిచినా మీకు వినపడాలి.”

“చీమతో నాకేం పని నాయనా? పిల్లలు వినపడితే చాలు,” అంది పిన్ని.

“మీ పిల్లలేంటమ్మా, పక్కింటి పిల్లలు కూడా వినపడతారు!”

పిన్నికి కావలసిన మాట అదొక్కటే. మిల్లువాళ్ళు చివర్లో ఇచ్చిన సొమ్ములో చాలా భాగం ఆ చిక్కుడుగింజలోకి వెళ్ళిపోయింది. దాన్ని ఫోన్లో కూడా ఎక్కించాలన్నాడు ఏజెంటు. “మీకెందుకమ్మా శ్రమ, అదంతా నా ఫోన్లో నేను చూసుకుంటాగా,” అని తన ఫోన్లోనే ఏవో నొక్కేశాడు. ఎంత మంచివాడో అనుకున్నాం.

ఇంటికి రాగానే పిన్ని ఫ్యాను వంక చూసి, “ఇది ఇంత మూలుగుతుందా!” అంది. మధ్యాహ్నం బాబాయి కునుకు తీస్తుంటే, పక్కన కూర్చుని కాసేపు విని, తట్టి లేపింది.

“ఇన్నేళ్ళూ నా పక్కన నువ్వు ఇంత చప్పుడు చేస్తున్నావా?”

“నేనా? నేనసలు నిద్రేపోలేదు,” అన్నాడు బాబాయి.

అందరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రమే పిన్ని బొటనవేలి తాడు విప్పేసి, చుట్టగా చుట్టి మేకుకు తగిలించింది.

తేడా ముందు నేనే గమనించాను. మా దగ్గర కండక్టరమ్మ కొడుకు ఒకడున్నాడు, ఉయ్యాలలో పిల్లాడు. వాడి గొంతుకు భయపడి వీధంతా వాణ్ణి సైరన్‌గాడంటారు. ఒకరోజు వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మూరెడు దూరంలో పిన్ని వాడికి వీపు పెట్టి కూర్చుని బట్టలు మడతపెడుతోంది. తిరిగి చూడలేదు. అంతలో గుమ్మంలోంచి పాలమనిషి, “చిల్లర లేదమ్మా,” అని గొణిగాడు. “రేపివ్వులే,” అంది పిన్ని. నేను ఆవిడ భుజం తట్టి ఉయ్యాల చూపించాను. ఆవిడ వెనక్కి తిరిగి పిల్లాడి ఎర్రటి మొహం చూసి, తర్వాత నా మొహం చూసింది.

చెవిలోంచి మిషను తీసి, ఊది, మళ్ళీ పెట్టుకుంది. లాభం లేకపోయింది. మనుషులు మాట్లాడితే వినపడుతోంది. గిన్నె పడితే వినపడుతోంది. పిల్లలు నవ్వితే కూడా వినపడుతోంది. ఏడుపు ఒక్కటే వినపడట్లేదు.

పిల్లల్ని బాబాయికి అప్పగించి షాపుకి వెళ్ళాం. చల్లటి గది, అద్దాల తలుపు, గోడ నిండా పళ్ళు కనపడేలా నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మలు. కౌంటరు మీద గుమ్మడికాయంత ప్లాస్టిక్ చెవి. పిన్ని చెప్పిందంతా విని కౌంటరమ్మాయి సంతోషంగా నవ్వింది.

“అది లోపం కాదండీ, ప్రత్యేకత! ఇబ్బంది పెట్టే శబ్దాల్ని మిషనే గుర్తుపట్టి ఆపేస్తుంది. హారన్లు, కుక్కల అరుపులు, పిల్లల ఏడుపులు...”

“ఎవరికమ్మా ఇబ్బంది?” అంది పిన్ని.

ఆ అమ్మాయి నవ్వుతూనే రంగుల కాగితం ఒకటి తీసి ముందుకు తోసింది.

“సరే, ఆ ప్రత్యేకత నాకొద్దు. తీసెయ్.”

“అది యాప్‌లో తీయాలండీ. మీ మిషను ఏజెంటుగారి నంబరు మీద ఉంది. ఆయన ఫోనుకి ఓటీపీ వస్తే గానీ తెరుచుకోదు.”

ఏజెంటుకు ఫోన్ చేయించింది పిన్ని. మొదటిసారి ఎత్తాడు. “నేను కంపెనీ మనిషిని కాదమ్మా, మధ్యలోవాణ్ణి. నా చేతిలో ఏముంటుంది? షాపుని అడగండి,” అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఇదిగో ఇలా అన్నాడమ్మా అంటే, కంపెనీని అడగమంది షాపు.

కంపెనీ అంటే ఒక ఫోను నంబరు. ఫోన్ చెవికి ఆనిస్తే మిషను కీచుమంటుంది కాబట్టి పిన్ని మాట్లాడలేదు. నాకు కొత్తవాళ్ళ గొంతు వింటేనే నాలుక అంటుకుపోతుంది. చివరికి బాబాయి పూనుకున్నాడు. బాబాయి ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. ఎవరేమన్నా ‘అలాగేనండీ’ అనడం ఆయన రక్తంలో ఉంది. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి వచ్చింది. ఫోను స్పీకరులో ఉంది కాబట్టి నేను కూడా విన్నాను. పేరు, నంబరు, పుట్టిన తేదీ అన్నీ అడిగి, చివర్లో అంది.

“నా గొంతు మీకు స్పష్టంగా వినిపిస్తోందా అండీ?”

“అయ్యో, బ్రహ్మాండంగా వినపడుతోందండీ! పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది,” అన్నాడు బాబాయి, మర్యాదగా.

“చాలా సంతోషమండీ. మీ ఫిర్యాదు పరిష్కారమైంది. ధన్యవాదాలు.”

బాబాయి ‘అసలు సంగతేంటంటే’ అనేలోగా ఫోను కట్టయింది. వెంటనే మెసేజి వచ్చింది. మిషను బాగా పనిచేస్తున్నట్టు కొనుగోలుదారు ధ్రువీకరించారు, ఫిర్యాదు మూసివేయడమైనది.

పిన్నికి ఆ మెసేజి చదివి వినిపించాను. ఆవిడ బాబాయి వంక తిరిగింది.

“ఇన్నేళ్ళ కాపురంలో నేను చెప్పింది ఒక్కటి కూడా వినపడలేదు కదా నీకు. ఫోన్లో ఎవతో మాట్లాడితే మాత్రం బ్రహ్మాండంగా వినపడిందా?”

“ఆడపిల్ల పాపం అంత మర్యాదగా అడిగితే వినపడలేదంటానా?” అన్నాడు బాబాయి, చెంబు తీసుకుని పెరట్లోకి పోతూ. వెళ్తూ వెళ్తూ, “అలాగేలే,” అన్నాడు, ఎవరితో అంటున్నాడో తనకే తెలియకుండా.

ఆ తర్వాతే చిట్టి సంగతి జరిగింది. చిట్టి నర్సమ్మ కూతురు, కొత్తగా పరుగులు నేర్చింది. నేను పాలకని వెళ్ళాను. వెనకగదిలో పిన్ని సైరన్‌గాడికి నీళ్ళు పోస్తోంది. చిట్టి స్టోరుగదిలోకి దూరి తలుపు తోసుకుంది. బయటి గొళ్ళెం జారి పడింది. లోపల చీకటి. ఎంతసేపు ఏడ్చిందో ఆ పిల్లకే తెలియాలి. నర్సమ్మ ఆ రోజు తొందరగా వచ్చింది. మలుపు తిరిగేసరికే ఆవిడకు కూతురి గొంతు వినపడింది. పరుగెత్తుకొచ్చి గొళ్ళెం తీసింది. పిన్ని చెవిలో మిషను పెట్టుకుని, తువ్వాలుతో పిల్లాడి తల తుడుస్తూ, నర్సమ్మను చూసి నవ్వి, “ఇవాళ తొందరగా వచ్చావే!” అంది.

నర్సమ్మ అరవలేదు. అరిచినా బాగుండేదేమో. పిల్లను గుండెకు హత్తుకుని, వెక్కిళ్ళు ఆగేదాకా నిలబడి, నెమ్మదిగా అంది.

“పిన్నీ, మిషను ఉంది కదా అన్న ధైర్యంతోనే వదిలి వెళ్తున్నాను. అది పనిచేస్తే సరే. లేకపోతే నేను ఇంకోచోటు చూసుకోవాలి. తప్పుగా అనుకోకు.”

నర్సమ్మ మానేసిందంటే మిగతావాళ్ళు కూడా మానేస్తారు. ఆస్పత్రిలో పనిచేసే మనిషే నమ్మనప్పుడు ఇంకెవరు నమ్ముతారు? పిన్ని మేకుకున్న తాడు తీసింది. వేలికి కట్టుకోబోయి ఆగి, చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

“చెవులు లేనప్పుడు కళ్ళతో విన్నానే,” అంది నాతో. “దీన్ని నమ్మి కళ్ళు మూసుకున్నాను. లోపం తెలిశాక కూడా ఆ పాత అలవాటు తిరిగి రాలేదు. తాడు కడితే ఉయ్యాల్లోవాడు తెలుస్తాడు. చిట్టికేం కట్టను? వాళ్ళు నాకు చెవులమ్మారు. చెవులు ఇచ్చి తీరాలి.”

మర్నాడు పొద్దున తల్లులు పిల్లల్ని దింపడానికి వచ్చేసరికి పిన్ని చాప చుట్టి, దుప్పట్లు మూటగట్టి సిద్ధంగా ఉంది.

“ఇవాళ పిల్లలు నాతో చెవి మిషన్ల షాపులో ఉంటారు. సాయంత్రం అక్కడికొచ్చి తీసుకెళ్ళండి. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి.”

కండక్టరమ్మ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “అక్కడ ఏసీ ఉంటుందా పిన్నీ?” అంది.

“ఉంటుంది.”

“అయితే వీణ్ణి తీసుకెళ్ళు. నన్ను కూడా తీసుకెళ్ళినా పర్లేదు.”

మిగతా ఇద్దరూ కవలలు. వాళ్ళ తల్లి కుట్టు ఫ్యాక్టరీకి ఆలస్యమవుతోందని, ఎక్కడైనా సరే పిన్నీ అంటూ పరుగెత్తింది. నర్సమ్మ చిట్టిని కిందికి దించడానికి కొంచెం సేపు తటపటాయించింది. చివరికి దించి వెళ్ళిపోయింది.

షాపులో తివాచీ మీద చాప పరిచింది పిన్ని. సోఫా మూల సైరన్‌గాడికి దుప్పటి వేసింది. కవలలు నేరుగా ప్లాస్టిక్ చెవి దగ్గరికి పోయారు. అది ముక్కలు ముక్కలుగా ఊడుతుందని వాళ్ళకు వెంటనే తెలిసిపోయింది. లోపలి నత్తగుల్ల లాంటి ముక్కను ఒకడు నోట్లో పెట్టుకున్నాడు. కౌంటరమ్మాయి కెవ్వుమంది. టై కట్టుకున్న మేనేజరు లోపలి గదిలోంచి బయటికి వచ్చాడు.

“ఏంటమ్మా ఇదంతా? ఇది షాపా, బాల్వాడీనా?”

“రెండూను,” అంది పిన్ని. “నా పని పిల్లల్ని చూసుకోవడం. దానికోసమే మీ మిషను కొన్నాను. ఇంట్లో పనిచేయట్లేదు. ఇక్కడ చేస్తుందేమో చూద్దామని వచ్చాను.”

“నేను మాట్లాడేది వినపడుతోందా మీకు?”

“వినపడుతోంది.”

“మరింకేం!”

సరిగ్గా అప్పుడే సైరన్‌గాడు మొదలుపెట్టాడు. మేనేజరు రెండు చెవులూ మూసుకున్నాడు. పిన్ని కవలవాడి నోట్లోంచి నత్తగుల్ల తీసి, చీరకొంగుకు తుడుస్తోంది. వెనక్కి తిరగలేదు.

“అమ్మా! పిల్లాడు ఏడుస్తున్నాడు!”

“ఏడుస్తున్నాడా? నాకు వినపడట్లేదే.” అప్పుడు వెళ్ళి ఎత్తుకుంది. “చెప్పి మంచిపని చేశారు. ఇక ముందు కూడా ఇలాగే పిలవండి. మీ మిషను పనిచేసేదాకా మీ చెవులే నా చెవులు.”

“నా మాట వినపడి, వీడి ఏడుపు వినపడకపోవడమేంటి? నాటకాలా?”

“ఎందుకు వినపడదో అమ్మినవాళ్ళు చెప్పాలి. కొన్నదాన్ని నన్నడిగితే?”

పోలీసుల్ని పిలుస్తానన్నాడు మేనేజరు. పిలవమంది పిన్ని. వాళ్ళ ముందు కూడా మిషను పెట్టుకుని చూపిస్తానంది. ఆయన పిలవలేదు. ఆ పూటంతా షాపులో ఎవరో ఒకరు, “అమ్మా, చిన్నపిల్ల!” “అమ్మా, ఎర్రచొక్కావాడు!” అని కేకలు వేస్తూనే ఉన్నారు. పిన్ని ప్రతిసారీ మర్యాదగా, “చెప్పినందుకు సంతోషం,” అంది. ఆవిడ గొంతు మిల్లు గొంతు కాబట్టి ఆ సంతోషం బయట రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినపడింది.

మధ్యాహ్నం ఒక పెద్దాయన, ఆయన కూతురు మిషను కొందామని వచ్చారు. పెద్దాయన పిన్ని చెవి వంక చూసి, “ఇదే మిషనా అమ్మా? ఎలా ఉంది?” అన్నాడు. కౌంటరమ్మాయి మధ్యలోకి రాబోయింది.

పిన్ని ఉన్నమాటే చెప్పింది. “మాటలు బాగా వినపడతాయండీ. పిల్లల ఏడుపు వినపడదు.”

పెద్దాయన మొహం వెలిగిపోయింది. “అమ్మాయ్, నాకు అదే మిషను కావాలి!”

“నాన్నా! నేను ఆఫీసుకి వెళ్తే ఇంట్లో పిల్లాడు నీ దగ్గరే కదా ఉండేది!”

“అందుకే కావాలంటున్నాను.”

కూతురు ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. తలుపు దాకా ఆయన వెనక్కి తిరిగి మిషన్ల వంక ఆశగా చూస్తూనే ఉన్నాడు. మేనేజరు పిన్ని వంక చూసిన చూపుకు పాలు విరిగిపోతాయనిపించింది.

సాయంత్రం తల్లులొచ్చి పిల్లల్ని తీసుకెళ్ళారు. నర్సమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఎందుకంటే అప్పుడే చిట్టి కిందపడి ఏడుస్తోంది. పిన్ని అటు తిరిగి పాలసీసాలు సర్దుతోంది. కౌంటరమ్మాయి, “అమ్మా, చిన్నపిల్ల!” అని అరిచింది. అప్పుడు పిన్ని తిరిగింది. నర్సమ్మ అంతా చూసింది. పిల్లనెత్తుకుని వెళ్ళిపోయింది. పిన్ని మొహం ఆ రోజు మొదటిసారి వాడిపోయింది.

మర్నాడు కండక్టరమ్మ, కవలల తల్లి మామూలుగానే పిల్లల్ని దింపారు. నర్సమ్మ రాలేదు. పిన్ని గుమ్మంలో కాసేపు చూసి, మూట ఎత్తుకుంది. “నాలుగోది లేకపోతే ముగ్గురితోనే పోదాం పద,” అంది. గొంతు మాత్రం తగ్గలేదు.

షాపు మెట్ల మీద చిట్టిని చంకనేసుకుని నర్సమ్మ నిలబడి ఉంది.

“సెలవు పెట్టాను,” అంది. “నిన్న చూసింది చాలలేదు. ఇవాళ కూర్చుని చూస్తాను.” ఆవిడ ఎవరి పక్షాన వచ్చిందో నాకు అర్థం కాలేదు. పిన్నికి కూడా అర్థం కాలేదనుకుంటాను. సరేనని తలూపి తలుపు తోసింది.

నర్సమ్మ సోఫాలో నిటారుగా కూర్చుంది. మేనేజరు ఆవిడను చూసి, చదువుకున్న మనిషి దొరికిందన్నట్టు దగ్గరికొచ్చాడు.

“మీరెవరండీ?”

“ఆ పిల్ల తల్లిని.”

“హమ్మయ్య. మీరైనా ఈవిడకు కాస్త చెప్పండి.”

“ఏం చెప్పాలి? మీ మిషను పనిచేస్తే ఆవిడ ఇంట్లో ఉంటుంది, నేను డ్యూటీలో ఉంటాను. పనిచేయకపోతే ఆవిడ కూడా ఇక్కడే, నేను కూడా ఇక్కడే. మీ మిషన్లు కొనుక్కోమని మా ఆస్పత్రికొచ్చే ముసలివాళ్ళకు చెప్పాలా వద్దా, అది కూడా ఇవాళే తేల్చుకుని వెళ్తాను.”

మేనేజరు కాసేపు టై సవరించుకున్నాడు. తర్వాత మూలకు పోయి, గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడాడు. పిన్ని తల పక్కకు వంచి వింది.

“మిషను మాటలకు మాత్రం దివ్యంగా ఉంది,” అంది గట్టిగా. “‘ఒరేయ్ బామ్మర్దీ, ఉన్నపళంగా రా’ అన్నది ముక్క పోకుండా వినపడింది.”

కౌంటరమ్మాయి నవ్వాపుకోలేక కౌంటరు కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియని ఏజెంటు కాసేపటికే మెట్లెక్కి వచ్చాడు. మెడలో కార్డు లేదు.

“నమస్కారం పిన్నీ! ఒక్క ఫోన్ చేస్తే రానా?”

“చేస్తే ఎత్తాలి కదా నాయనా. ముందు ఆ అంకెలు చెప్పు.”

అతని ఫోనుకు ఓటీపీ వచ్చింది. కౌంటరమ్మాయి కంప్యూటరులో ఏదో తెరిచి ఏదో మూసింది. అయిపోయిందన్నారు. కాలేదంది పిన్ని. “నా చెవి నీ నంబరు మీదెందుకు? నా నంబరు మీదికి మార్చు.” దానికి కంపెనీ ఒప్పుకోదన్నాడు మేనేజరు. పిన్ని చాప అంచు సరిచేసుకుని ఇంకొంచెం బాగా సర్దుకుని కూర్చుంది. కంపెనీ ఒప్పుకుంది.

“ఇప్పుడు పనిచేస్తుందమ్మా. ఇక దయచేసి...”

“పనిచేస్తుందని నోటితో మొదటిరోజు కూడా చెప్పారు. పిల్లాడు ఏడవాలి, నాకు వినపడాలి. అప్పుడు లేస్తాను.”

అందరూ పిల్లల వైపు తిరిగారు. ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. చిట్టి తల్లి ఒడిలో కాళ్ళూపుతోంది. కవలలు ప్లాస్టిక్ చెవిలో ఏదో వెతుక్కుంటున్నారు. సైరన్‌గాడు దుప్పటి మీద హాయిగా నిద్రపోతున్నాడు. మేనేజరు కవలల చేతిలోంచి చెవి లాక్కున్నాడు. ఏడుస్తారేమోనని అందరం ఊపిరి బిగబట్టాం. వాళ్ళు ఆయన టై పట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. ఏజెంటు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు పెద్దవి చేసి, నాలుక బయటపెట్టి, బూచాడిలా మొహం పెట్టాడు. చిట్టి కిలకిలా నవ్వి, మళ్ళీ చెయ్యమంది.

“ఇలా అయితే తెల్లారినట్టే,” అన్నాడు ఏజెంటు విసుగ్గా. “కొంచెం గిల్లితే పోలా?” అంటూ సైరన్‌గాడి తొడ వైపు వేళ్ళు చాచాడు.

పిన్ని అతని మణికట్టు పట్టుకుంది. మిల్లులో ఏళ్ళ తరబడి దారపు ఉండలు మోసిన చెయ్యి అది. అతని మొహంలో రంగు మారింది.

“నీ మిషను పరీక్షకు నా పిల్లాడి తొడ కావాలా?”

“ఊరికే అన్నాను పిన్నీ... మరి ఎంతసేపని కూర్చుంటాం?”

“ఏడ్చేదాకా.”

అతను చెయ్యి విడిపించుకుని రుద్దుకుంటూ దూరంగా జరిగాడు. మేనేజరు షాపులో మోగుతున్న సంగీతం ఆపించాడు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా సంగతేమిటో అడిగి తెలుసుకుని కుర్చీల్లో కూర్చున్నారు. టై కట్టుకున్న మనిషి, ఏజెంటు, కౌంటరమ్మాయి, నర్సమ్మ, నేను, అందరం నిద్రపోతున్న ఒక పసివాణ్ణి చూస్తూ కూర్చున్నాం. పిన్ని ఒక్కతే అటు చూడలేదు. చూస్తే పరీక్ష చెల్లదని వాడికి వీపు పెట్టి కూర్చుని, కవలవాడికి చొక్కా తొడుగుతోంది. చొక్కా చేతిలోకి పోవాల్సిన వాడి చెయ్యి మెడలోకి పోతోంది. తీసి మళ్ళీ తొడుగుతోంది, మళ్ళీ మెడలోకే పోతోంది.

నర్సమ్మ ఆవిడ చేతుల్నే చూస్తోంది.

సైరన్‌గాడు కదిలాడు. పెదవి విరిచాడు. నోరు పూర్తిగా తెరవకముందే, చిన్న మూలుగు లాంటిది ఒకటి వచ్చింది. పూర్తి సైరన్ కాదు, దానికి ముందొచ్చే కూనిరాగం. మాలో ఎవరూ ఇంకా కదలలేదు.

పిన్ని తిరిగింది.

“ఏంట్రా?” అంటూ మోకాళ్ళ మీదే పాకినట్టు వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. అప్పటికి వాడు పూర్తిగా అందుకున్నాడు. మేనేజరు చెవులు మూసుకున్నాడు. పిన్ని మూసుకోలేదు. వాడి నోటి దగ్గరికి తన మిషను చెవి పెట్టి, “అబ్బో! అబ్బో! ఇంత గొంతేంట్రా నీది?” అంటూ షాపంతా తిరిగింది.

నర్సమ్మ లేచి చిట్టిని చాప మీద కూర్చోబెట్టింది. సంచీ భుజాన వేసుకుంది.

“సగం పూటైనా డ్యూటీకి పోతాను. సాయంత్రం ఇంటికే వస్తాను పిన్నీ,” అంది.

“ఇంట్లోనే ఉంటాం,” అంది పిన్ని, సైరన్‌గాడి మోతలోంచి ఆ మాట చక్కగా విని.

ఆ షాపులో జరిగింది అదంతా. కొత్త మిషను ఎవరూ ఇవ్వలేదు, పాతదే ఆవిడ చెవిలో ఉంది. దండం కూడా ఎవరూ పెట్టలేదు. గిల్లి ఏడిపించిందన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మణికట్టు రుద్దుకుంటూ మెట్లు దిగిన మనిషి దార్లో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా. పిన్నితో చెబితే, “అనుకోనీ, నాకన్నీ వినపడుతున్నాయిలే,” అని తన పనిలో పడింది.

ఆ రోజు పిల్లాణ్ణి ఎవరూ గిల్లలేదు. వాడికి ఆకలేసింది.